అక్క ఇస్తానన్న లైఫు

డయాలసిస్ జరుగుతున్నంతసేపు ఎడమ చెయ్యి కదపకూడదు. అందుకే కుడి బొటనవేలు ఒక్కదానితో ఆడగలిగే గేములే ఫోన్లో పెట్టుకున్నాను. నలభై దాటినా ఈ పిచ్చి నన్ను వదల్లేదు.

ఈ రోజు సిద్దిపేట దవాఖానలో అలా ఆడుకుంటుంటే హుస్నాబాద్ నుంచి అక్క వచ్చింది. నాకు చెప్పకుండానే పరీక్షలన్నీ చేయించుకుందట. తన కిడ్నీ నాకు సరిపోతుందట. ఫోన్ మీంచి తల ఎత్తకుండానే వద్దన్నాను. ఆమెకూ ఇల్లుంది, పిల్లలున్నారు.

అక్క మంచం అంచున కూర్చుని చిన్నప్పటి ముచ్చట తీసింది. అప్పుడు మేమిద్దరం వీడియో గేమ్ డబ్బాను టీవీకి తగిలించి ఒక తుపాకుల ఆట ఆడేవాళ్లం. అందులో మన లైఫులు అయిపోతే, బటన్ నొక్కి పక్కవాళ్ల లైఫు తీసుకోవచ్చు. వాళ్లను అడగక్కర్లేదు.

"గప్పుడు నన్ను అడగకుండనే నా లైఫులన్నీ గుంజుకునేటోనివి. గిప్పుడు నేనే ఇస్తనంటే వద్దంటవేందిరా తమ్మీ?"

"గప్పుడు తీసుకున్న లైఫు ఎంతసేపు ఉంచిన అక్కా? ఉరికి ఉరికి ఎంబడే సచ్చేటోన్ని."

"గందుకే చెప్తున్న. ఈసారి జర మెల్లగ ఆడు."

సరేనని తల ఊపాను. అక్క నా చేతిలో ఫోన్ తీసుకుని, మిగిలిన ఆట తనే ఆడి, తొందరగానే ఓడిపోయింది.

ఆ తుపాకుల ఆటలో చివరి స్టేజీ దాకా మేము ఎప్పుడూ పోలేదు. మీలో పోయినవాళ్లుంటే, అక్కడ ఏముంటుందో దయచేసి కామెంట్లలో చెప్పకండి. మేమిద్దరం ఆడి చూసుకుంటాం.