మూడో లెక్కకి ఒకడుగు వెనక్కి

చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ముప్పై నాలుగేళ్ళ వయసులో, ముగ్గురు పిల్లల తల్లినై ఉండి, ఆడవాళ్ళ డ్రిల్లు క్లాసులో చేరాను. చేరిన మొదటిరోజే నా వెనకావిడ కాలు తొక్కి, ఆమెను కూడా తీసుకుని నేలమీద పడ్డాను. ఆ రోజు నవ్వినవాళ్ళందరూ నాకు గుర్తున్నారు. నవ్వనిది ఒక్కావిడే. ఆవిడ నా కింద ఉంది.

అవి డెబ్భైల చివరి రోజులు. గోపాలపట్నంలో రెండు గదుల పోర్షన్‌లో అద్దెకుండేవాళ్ళం. మా ఆయన పోర్టులో క్రేను నడిపేవాడు. మా వీధిలో అందరివీ అలాంటి సంసారాలే. ఒకరిది రైల్వే, ఒకరిది పోర్టు, ఇంకొకరిది ఏదో ఫ్యాక్టరీ. అందరం రెండు మూడు బస్సుల దూరంలో ఉన్న ఏదో ఒక పల్లెటూరు నుంచి వచ్చినవాళ్ళమే. కానీ ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు. మీదే ఊరు అంటే చాలు, టక్కున "వైజాగే" అనేవారు. నేను మాత్రం మా ఊరు సింహాచలం కొండకి అవతల ఉందనీ, పెళ్ళయ్యేదాకా పొలం పనులు చేశాననీ చెప్పేదాన్ని. చెప్తే ఏం పోయింది?

మా మహిళామండలి అధ్యక్షురాలికి ఆ సంవత్సరం ఓ కొత్త ఆలోచన వచ్చింది. ఆవిడ భర్త ఆఫీసరు, ఆవిడ మాట తెల్లగా ఇస్త్రీ చేసినట్టు ఉండేది. కుట్లూ అల్లికలూ చాలు, ఈసారి వ్యాయామం నేర్చుకుందాం అంది. ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు చెప్పే టీచరమ్మ రోజూ సాయంత్రం నాలుగున్నరకి ఆ స్కూలు మైదానంలోనే మాకూ నేర్పుతుంది, ఆగస్టు పదిహేనున జెండా ఎగరేశాక పన్నెండుమందిమి రెండు వరసల్లో నిలబడి అందరి ముందూ చేసి చూపించాలి. అందరికన్నా ముందు చెయ్యి ఎత్తింది నేనే.

ఎందుకు ఎత్తానో చెప్పాలి. మా ఊళ్ళో బడి ఐదో తరగతి వరకే. తర్వాత హైస్కూలుకి పక్క ఊరు వెళ్ళాలి. నన్ను పంపలేదు. అక్కడితో చదువు ఆగిపోయినా చదవడం నేను ఆపలేదు, అందుకే ఇదంతా రాయగలుగుతున్నాను. ఆ హైస్కూలు మైదానం పక్కనే మేము కౌలుకి చేసే మడి ఉండేది. వానాకాలంలో వరినాట్లు, మా వైపు ఉభాలంటాం, వేస్తూ వంగి ఉంటే అవతల ఈల మోగేది. తలెత్తి చూసేదాన్ని. నా ఈడు పిల్లలు వరసగా నిలబడి ఒక్కసారిగా చేతులెత్తేవాళ్ళు, ఒక్కసారిగా దించేవాళ్ళు. ఒకరోజు ఉండబట్టలేక గట్టెక్కి నేనూ చేతులెత్తాను. మా అమ్మ చేతిలోని ఆకుకట్ట, అదే నారుకట్ట, తీసుకుని వీపుమీద ఒక్కటేసింది.

"ఏటే గుంటా, ఎవులికి దండం ఎడతన్నావు? నీ వరస సూడు ముందు!"

వీపుకి అంటిన బురద కడుక్కుంటే పోయింది. ఆ వరసలో ఒక్కసారైనా నిలబడాలన్న ఆశ మాత్రం ఇరవై నాలుగేళ్ళయినా పోలేదు. నాకు ఆ డ్రిల్లు ఆరోగ్యం కోసం కాదు, నడుము సన్నబడటం కోసమూ కాదు. నాకు ఆ వరసలో చోటు కావాలి, అంతే.

మొదటిరోజు టీచరమ్మ లెక్క చెప్పింది. ఒకటికి చేతులు పైకి. రెండుకి పక్కలకి. మూడుకి వంగి నేల ముట్టుకోవాలి. నాలుగుకి లేచి నిలబడాలి. ఇందులో ఏముంది, చిన్నపిల్లలు చేస్తారు అనుకున్నాను. ఒకటి బాగానే అయింది. రెండూ అయింది. మూడుకి వంగాను, నా చెయ్యి నేలకి తగిలిందో లేదో, నా కాలు దానంతటదే ఒకడుగు వెనక్కి పోయింది. వెనకావిడ "ఓలమ్మో, నా కాలు ఇరిసీసింది!" అని అరవడం, నేను కంగారులో ఇంకో అడుగు వెనక్కి వెయ్యడం, ఇద్దరం పడటం అయిపోయాయి.

కాలు ఎందుకు పోయిందో నాకు వెంటనే తెలిసింది. నాట్లు వేసేటప్పుడు ఎవరైనా ముందుకు నడుస్తారా? నాటిన మొక్కని తొక్కుకుంటూ పోతారా? వంగాలి, నాలుగు మొక్కలు గుచ్చాలి, కాలు పీకి వెనక్కి వెయ్యాలి. పదేళ్ళ వయసు నుంచి పదిమంది ఆడవాళ్ళతో వరసలో నిలబడి వంగినప్పుడల్లా నా కాలు చేసిన పని అదే. దానికి డ్రిల్లని తెలీదు, గోపాలపట్నమనీ తెలీదు. వరసలో వంగింది కాబట్టి వెనక్కి పోయింది.

ఆ మాటే చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. నవ్వు రెట్టింపయింది.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది" అంది ముందు వరసలో ఒకావిడ.

అధ్యక్షురాలు చీర దులుపుకుంటూ, "పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదంటారు కదండీ, పాపం ఆవిణ్ణేమీ అనకండి" అంది. ఆ జాలి విని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తిడితే తిరిగి తిట్టొచ్చు. జాలిపడితే ఏం చేస్తాం?

రెండోరోజూ అదే. మూడోరోజూ అదే. మనసు పెట్టి చేస్తే కాలు ఆగేది, కానీ అప్పుడు చేతులు మర్చిపోయేదాన్ని. అందరూ నిలబడితే నేను వంగి ఉండేదాన్ని, అందరూ వంగితే నేను గాలిలో చేతులూపుతూ ఉండేదాన్ని. వెనకావిడ మా పక్కవీధిలోనే ఉండేది. ఆవిడ ముందుజాగ్రత్తగా నాకు రెండు బారల దూరంలో నిలబడటం మొదలెట్టింది. ఇంత ఒళ్ళు పెట్టుకుని, ఇంత పని చేసే ఒంట్లో, ఒక్క కాలు నా మాట వినదా అని ఏడుపొచ్చేది. వాళ్ళ ముందు మాత్రం ఏడవలేదు. ఆ తృప్తి ఇవ్వదలచుకోలేదు.

ఐదోరోజు అధ్యక్షురాలు నన్ను పక్కకి పిలిచింది.

"మీరేమీ అనుకోకండి. ఆ రోజు పెద్దవాళ్ళు వస్తారు. వరస బాగుండాలి కదా. మీ చోట్లో ఇంకొకావిడ చేస్తుంది. మీరు పిల్లలకి చాక్లెట్లు పంచండి. వెండి పళ్ళెం మా ఇంటినుంచి నేనే తెస్తాను."

"పళ్ళెం మీరే పట్టుకోండి. నాను వరసలోనే ఉంటాను" అన్నాను.

అప్పటిదాకా నేనూ వాళ్ళముందు 'నేను' అనే అనేదాన్ని. కోపమొస్తే మాత్రం మా ఊరు నోట్లోకి వచ్చేస్తుంది. ఆవిడ మొహం ఎర్రబడింది. టీచరమ్మ మంచిది, మధ్యలోకి వచ్చింది.

"పదిరోజులు టైమిస్తాను. చివరి రిహార్సల్లో ఒక్క అడుగు వెనక్కి వేసినా మీరే తప్పుకోవాలి. సరేనా?"

సరే అన్నాను.

ఆ పదిరోజులూ మా వంటగది నా మైదానం. ముందు గోడకి మడమలు ఆనించి వంగాను, వెనక్కి పోవడానికి చోటే ఉండదు కదా అని. అలా వంగితే మనిషి ముందుకి పడతాడని ఆ రోజే తెలిసింది. నుదురు బొప్పి కట్టింది. తర్వాత రెండు ఇత్తడి చెంబులకి నిండా నీళ్ళుపోసి, ఒక్కో కాలి వెనక ఒక్కోటి పెట్టి వంగడం మొదలెట్టాను. కాలు కదిలితే చెంబు దొర్లుతుంది, నీళ్ళు ఒలికిపోతాయి. మొదటిరోజు ఎన్నిసార్లు తుడిచానో లెక్కలేదు. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఇదేటే, కాల్లకి సెంబులు కాపలా ఎట్టేవు?"

"ఎనక్కి ఎలిపోతే పట్టుకోడానికి."

"నువ్వేటి, ఆ కాలేటి! అంతమంది నవ్వుతంటే ఒగ్గేయరాదా?"

"నవ్విన నాపచేనే పండుద్ది. నువ్వెళ్ళి కాల్లు కడుక్కో" అన్నాను.

నవ్వాడు కానీ మర్నాటి నుంచి పీటమీద కూర్చుని లెక్క చెప్పడం మొదలెట్టాడు. ఒకటీ, రెండూ, మూడూ. ఏడోరోజుకి చెంబు కదల్లేదు. తొమ్మిదోరోజుకి కళ్ళు మూసుకుని చేసినా కదల్లేదు. రిహార్సల్లో నా కాళ్ళు భూమిలో పాతేసినట్టు నిలబడ్డాయి. టీచరమ్మ తల ఊపింది. అధ్యక్షురాలు తన చోట్లోకి వెళ్ళి నిలబడింది. నా చోటు ముందు వరసలో, ఆవిడ పక్కనే.

పద్నాలుగో తారీకు సాయంత్రం సింహాచలం కొండమీదకి మబ్బు దిగింది. రాత్రంతా కుండపోత. తెల్లారి స్కూలు మైదానానికి వెళితే ఏముంది, దమ్ము చేసిన మడిలా ఉంది. మీద వేలెడు నీళ్ళు, కింద పిక్కలదాకా కాకపోయినా చీలమండలదాకా బురద. మేమంతా ఆకుపచ్చ అంచున్న తెల్లచీరల్లో, పూర్ణా మార్కెట్లో కొన్న తెల్ల కాన్వాస్ బూట్లతో వరండాలో నిలబడ్డాం. జెండా ఎగరేశారు. పాట అయింది. జనం గొడుగులు ముడిచి మావైపు చూస్తున్నారు.

"ఈ బురదలో డ్రిల్లేమిటండీ, వచ్చే ఏడాది చూద్దాం" అంది అధ్యక్షురాలు. అందరూ అమ్మయ్య అనుకున్నట్టే ఉంది.

వచ్చే ఏడాదా! నా పదిరోజులు, నా నుదుటిమీద బొప్పి, నా ఇరవై నాలుగేళ్ళు ఏమవ్వాలి? నేనెవరినీ అడగలేదు. బూట్లు విప్పి వరండాలో పెట్టాను. కుచ్చిళ్ళు ఎగదోపి, మెట్లు దిగి, బురదలో నడిచివెళ్ళి నా చోట్లో నిలబడ్డాను. ఒక్కదాన్నే. జనంలో ఎవరో ఈల వేశారు. వెనక్కి తిరిగి చూడలేదు.

కాసేపటికి వెనక చప్పుడయింది.

"నాను నీ ఎనకే ఉన్నాను ఒదినా. తొక్కేవంటే సంపేత్తాను" అంది మా పక్కవీధి ఆవిడ. ఆవిడా బూట్లు విప్పేసింది. తర్వాత ఇంకొకరు దిగారు. ఇంకొకరు. చివరికి అధ్యక్షురాలికి కూడా దిగక తప్పలేదు. పన్నెండుమందిమీ ఒట్టికాళ్ళతో నిలబడ్డాక టీచరమ్మ ఈల ఊదింది.

ఒకటి. చేతులు పైకి. రెండు. పక్కలకి. మూడు. వంగాను, వేళ్ళు బురదలో దిగాయి. వేళ్ళసందుల్లోంచి చల్లటి మట్టి పైకి వచ్చింది. నా కాలు లాగింది, లాగలేదని అబద్ధం చెప్పను. కానీ నా వెనక రెండు నిండు చెంబులు ఉన్నట్టే అనుకున్నాను. మడమ కదల్లేదు.

అప్పుడు వినబడింది. చప్. చప్. చప్. బురదలోంచి కాలు పీకిన చప్పుడు. ఆ చప్పుడు నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. నాలుగుకి లేచి పక్కకి చూద్దును కదా, కుడిపక్క ఎవరూ లేరు. ఎడమపక్కా లేరు. పదకొండుమందీ, వెనక వరసతో సహా, ఒకడుగు వెనక్కి వెళ్ళి చక్కగా వరసలో నిలబడి ఉన్నారు. ముందు నేనొక్కదాన్నే మిగిలాను. జనం గొల్లున నవ్వారు, తప్పు చేసింది నేనే అనుకుని.

అధ్యక్షురాలు పళ్ళ మధ్యనుంచి అంది, "ఎనక్కి రావేటి? వరస సెడిపోతంది!"

నేను తల తిప్పి ఆవిణ్ణి చూశాను. ఆ మాట తన నోటినుంచే వచ్చిందని ఆవిడకీ అప్పుడే తెలిసినట్టుంది. చెయ్యి నోటికి పోయింది.

"మీదే ఊరండీ?" అని అడిగాను.

ఆవిడ మెల్లగా చెప్పింది. మా ఊరికి రెండు చెరువులు అవతలి ఊరు.

అంతే, నవ్వు తన్నుకొచ్చింది నాకు. ఆవిడకీ ఆగలేదు. టీచరమ్మ మళ్ళీ ఈల ఊదేలోపు నేనే కాలు పీకి, ఎవరూ తొయ్యకుండా, నాకిష్టమై, ఒకడుగు వెనక్కి వేసి ఆవిడ పక్కన నిలబడ్డాను. ఆ తర్వాత మూడో లెక్క వచ్చిన ప్రతిసారీ పన్నెండుమందిమీ వంగి, పన్నెండుమందిమీ ఒకడుగు వెనక్కి వేశాం. ఒక్క కాలు తప్పలేదు. టీచరమ్మ మొదట్లో చేతులూపి ఆపబోయింది, తర్వాత ఆవిడే నవ్వుతూ లెక్క చెప్పింది. జనం అది నేర్పిన డ్రిల్లే అనుకుని చప్పట్లు కొట్టారు. ప్రహరీగోడ దాకా వెనక్కి పోయాక నా వెనకావిడ అరిచింది.

"గట్టొచ్చిసిందర్రా! ఇంక ఆగండి!"

ఆ రోజు చాక్లెట్ల పళ్ళెం ఎవరు పట్టుకున్నారో నాకు తెలీదు. నేను వరసలో ఉన్నాను.