ఎక్కడికని అడిగినందుకు

ఫ్లోరెన్స్‌కు విశాఖపట్నం తెలుసు, భర్త యోహాన్ భుజం మీదుగా కనిపించినంత మేరకు. కూర్మన్నపాలెంలో కాపురం, ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం. దింపేదీ ఆయనే, తీసుకొచ్చేదీ ఆయనే. స్కూటర్ వెనక కూర్చుని కబుర్లు చెప్పడమే తప్ప, ఏ సందు ఎటు పోతుందో పట్టించుకున్న పాపాన పోలేదు మహాతల్లి.

ఆ యోహాన్ నిరుడు ఒక ఆదివారం సాయంత్రం బయల్దేరుతుంటే, వంటగదిలోంచి "ఎక్కడికండీ?" అని కేకేసింది. ఆయన మళ్ళీ ఇంటికి రాలేదు. రోడ్డు మీదే గుండె ఆగిపోయింది. పరామర్శకు వచ్చిన పక్కింటావిడ కళ్ళొత్తుకుంటూనే, "బయల్దేరే మనిషిని ఎక్కడికని అడక్కూడదమ్మా" అంది. ఓదార్చడానికి వచ్చిన నోటికి అంతకంటే మంచి మాట దొరకలేదు కాబోలు! గుండెపోటు ఎందుకొస్తుందో ఫ్లోరెన్స్‌కు ఒకరు చెప్పక్కర్లేదు. శకునాలు పట్టించుకునే ఇల్లూ కాదు వాళ్ళది. అయినా ఆ మాట ముల్లులా దిగబడిపోయింది. పాస్టరుగారితో కూడా చెప్పుకోలేక లోలోపలే కుమిలిపోయింది.

రిటైరై ఇంట్లో కూర్చుంటే ఎప్పుడూ అదే ఆలోచన. అందుకని శనివారం శనివారం పాత పోస్టాఫీసు దగ్గర బస్సు దిగి నడవడం మొదలుపెట్టింది. ఫోన్లో మ్యాపు చూడదు, ఎవరినీ దారి అడగదు. సోల్జర్‌పేటలో పాత ఇళ్ళ అరుగులూ, కోటవీధిలో మలుపులూ చూసుకుంటూ కాళ్ళు ఎటు తీసుకెళ్తే అటే. తప్పిపోతే సముద్రం వాసన పట్టుకుని బయటపడేది. ఏదైనా ముచ్చటైనది కనబడితే "చూశారా" అనబోయి నాలుక్కరుచుకునేది.

ఆ శనివారం చెంగల్రావుపేట దాటి, ఫిషింగ్ హార్బర్ వైపు ఒక ఇరుకు సందులో దూరింది. ఒక ఇంట్లోంచి వల భుజాన వేసుకుని ఒకతను బయటికొచ్చాడు. ఇద్దరూ ఒకేసారి ఒకే పక్కకు తప్పుకున్నారు. మళ్ళీ ఇద్దరూ రెండో పక్కకు. అతను నవ్వాడు. ఆమె కూడా నవ్వేసి, నోరు జారి, "ఇంత ఎండలో ఎక్కడికి బాబూ?" అనేసింది.

అతని నవ్వు ఆగిపోయింది. వెనక్కి తిరిగి, వల దించి గుమ్మంలో కూర్చున్నాడు.

లోపలినుంచి అతని తల్లి పోతమ్మ వచ్చింది. "ఏటి తల్లీ, వేటకెల్లే మనిసిని ఎక్కడికని అడుగుతారేటి?" అంటూ కొడుకు చేతికి మంచినీళ్ళ గ్లాసిచ్చింది. "కూకోరా గంగరాజూ. తాగి ఎల్దువుగాని."

ఫ్లోరెన్స్ అరుగు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"అయ్యో, నానేటన్నానని?" అని పోతమ్మ కంగారుపడింది. పక్కన కూర్చుని వీపు నిమిరింది. పాస్టరుగారికి చెప్పని సంగతి, పేరు తెలియని ఆ ముసలమ్మకు ఫ్లోరెన్స్ మొత్తం చెప్పేసింది.

విని, పోతమ్మ గుమ్మంలో కూర్చున్న కొడుకువైపు చూసింది. "ఈడికన్నా పెద్దోడు ఒకడుండేవోడమ్మా. ఆడు ఎల్లిన్నాడు ఎక్కడికని ఎవులూ అడగనేదు. అయినా రానేదు."

ఫ్లోరెన్స్ తలెత్తింది. "మరి ఈ బాబును ఎందుకు కూర్చోబెట్టావమ్మా?"

"కూకుంటాడని. ఈ నీల్లు తాగినంతసేపైనా నా కల్లెదర ఉంటాడు గదా."

గంగరాజు గుక్కగుక్కకూ ఆగి తాగుతున్నాడు. తల్లి కోసమేనని తెలుస్తూనే ఉంది. అతన్నే చూస్తున్న ఫ్లోరెన్స్‌కు, దుఃఖంలో ఇన్నాళ్ళూ పక్కకు నెట్టేసిన ముక్క ఒకటి గుర్తొచ్చింది.

"నేను అడిగితే ఆయన కూడా వెనక్కొచ్చారమ్మా. చెప్పులు విడిచి వంటగదిలోకి వచ్చి, కొత్తిమీర తెస్తానన్నారు. అప్పుడే తీసిన గారె ఒకటి పట్టుకుని, చెయ్యి కాలుతుంటే ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ..."

"తిన్నాడా?"

"తిన్నారు. బాగుందన్నారు."

"మరింకేటి తల్లీ," అంది పోతమ్మ.