పొగడ చెట్టుకు జామీను

పక్కింటావిడ అదియమాన్‌కోట్టై గుడికి వెళ్ళి వస్తూ దోసెడు పొగడపూలు తెచ్చి నా చేతిలో పోసింది. వాటిని పాప పడుకునే గదిలో, కిటికీ గట్టు మీద పళ్ళెంలో పెట్టాను. మల్లె వాడితే వాసన పోతుంది. పొగడ ఎండేకొద్దీ చిక్కబడుతుంది. పాపకు మూడో ఏడు నడుస్తోంది. ఇంకా ఒక్క మాట రాలేదు. చెవులు బాగున్నాయి, కొన్నాళ్ళు ఆగి చూద్దామని డాక్టరు అన్నారు. నాకు ఆగడమే చేతకాదు. పాప నిద్రపోయాక కూడా ఆ పెదవులు కదులుతున్నాయేమోనని వంగి చూస్తూ ఉంటాను. అలా వంగినప్పుడల్లా కిటికీ నుంచి వచ్చే ఆ వాసన నన్ను ఇండూరులోని మా పెరట్లోకి తీసుకుపోతుంది. అక్కడ ఇల్లంతా కలిసి ఒక చెట్టు కోసం ఆగింది.

మా ఇల్లు ఊరి చివర, మామిడి తోటలు మొదలయ్యే చోట ఉండేది. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. పెరట్లో బట్టలుతికే బండ, దాని పక్కన ఆవు కొట్టం, ఆ రెంటికీ నడుమ పొగడ చెట్టు. నేను పుట్టిన ఏడు మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, తన పుట్టిల్లు ఏరియూరు నుంచి కొంగున ముడివేసుకుని తెచ్చిన గింజ అది. ఊళ్ళో వాళ్ళంతా దాన్ని మగిళం అనేవారు, అవ్వ ఒక్కతే పొగడ అనేది. మేకలు కొరక్కుండా చుట్టూ తుమ్మ కంప పాతింది. చెదలు పట్టకుండా మొదట్లో వేపపిండి కలిపింది. వేసవిలో అడుగున చిల్లి ఉన్న పాత కుండను పాదులో పూడ్చి, ఆ చిల్లిలో గుడ్డపేలిక దూర్చి, బియ్యం కడిగిన నీళ్ళు అందులో పోసేది. ఆ నీళ్ళు రోజంతా పేలిక వెంట చెమ్మగా వేళ్ళకు దిగేవి. పైన వేరుశనగ పొట్టు మందంగా పరిచేది. ఎండ ఎంత కాసినా ఆ పొట్టు కింద చెయ్యి పెడితే ఆవు ముట్టెలా చల్లగా, తడిగా తగిలేది.

అంత చేసినా చెట్టు పూయలేదు. అలలు తిరిగిన అంచులతో, నూనె రాసినట్టు మెరిసే ఆకులతో, గొడుగులా గుండ్రంగా ఎదిగింది గానీ మొగ్గ తొడగలేదు. దాని కింద నేను, అన్న ఒంటికాలితో గెంతుతూ నొండి ఆడేవాళ్ళం, గచ్చకాయలు ఎగరేసేవాళ్ళం. చింతపండు కాలంలో అమ్మ అక్కడే కూర్చుని గింజలు తీసేది. గోడ అవతలి చెల్లమ్మత్త మాత్రం మా పెరట్లోకి తొంగి చూసి, "ఏం వదినా, నీ మనవరాలు పెండ్లికూతురయ్యేదాకా ఈ చెట్టు మొగ్గేసేట్టు లేదే?" అని అవ్వను ఆటపట్టించేది.

పూయని చెట్టును బెదిరించడం మా ఇళ్ళల్లో ఉన్న ఆచారం. ఉగాది పొద్దున తలంట్లు అయ్యాక, ఒబ్బట్ల కోసం ఉడికిన పప్పూ బెల్లం వాసన ఇల్లంతా కమ్ముకుని ఉండగా, నాయన తడి జుట్టుతోనే గొడ్డలి పట్టుకుని చెట్టు ముందు నిలబడేవాడు. చెట్టు వెనక ఇంకొకరు నిలబడి చెట్టు తరఫున మాట్లాడాలి, అది పూస్తుందని జామీను పడాలి. జామీను పడ్డాక మళ్ళీ ఉగాది దాకా ఆ చెట్టు మీద కత్తి పడకూడదు. దాని నీళ్ళ బాధ్యత మాత్రం జామీను పడినవాళ్ళదే. ఏటా అవ్వే నిలబడేది. నాకు తొమ్మిదేళ్ళు నిండిన ఏడు, మోకాళ్ళ నొప్పులతో బండ మీద కూలబడి నన్ను ముందుకు తోసింది.

"నువ్వు పో పాపా. నీ ఈడుది గదా."

నాయన మీసం మీద చెయ్యి వేసి, ఎవరినో గద్దించినట్టు మొదలుపెట్టాడు. "పూసింది లేదు, కాసింది లేదు. నీళ్ళు తాగేదానికి మాత్రం ముందుంటాది. ఈ పొద్దు దీన్ని కొట్టి పారేస్తా."

"వద్దు నాయనా! వచ్చే ఉగాదికి పూస్తాది. నేను జామీను."

"జామీను అంటే ఏమో తెలుసునా? పూయకుంటే నిన్ను పట్టుకొని అడుగుతా."

"అడుగు!"

గోడ మీద నుంచి చెల్లమ్మత్త పకపకా నవ్వింది. "జామీను పడేదానికి నీకు చారెడు నేలన్నా ఉందా మే?"

నాయన గొడ్డలి వెనకవైపుతో మానును మెల్లగా తట్టి వదిలేశాడు. అందరూ ఒబ్బట్లు తినడానికి లోపలికి పోయారు. నేను మాత్రం మానుకు చెవి ఆనించి, అది విన్నదో లేదో తెలుసుకోవాలని చాలాసేపు నిలబడ్డాను.

ఆ ఏడంతా నాకు కలలాగానే గుర్తుంది. బడి నుంచి రాగానే సంచి తిన్నె మీద పడేసి కుండలో నీళ్ళు చూసుకునేదాన్ని. ఆషాఢంలో వీచే ఆడి గాలులకు చెట్టు ఒరిగిపోతుందని భయపడి పాత చీరపేలికతో దాన్ని కొట్టం గుంజకు కట్టేశాను. గాలి మాత్రం దుమ్ము లేపి, పెంకులు కదిలించి, వాన తేకుండానే వెళ్ళిపోయింది. తరువాత రావలసిన వానలూ రాలేదు. రాగి చేను మొలకల్లోనే మాడింది. మా బావిలో చేద వేస్తే రాయికి తగిలి ఖంగుమనేది. ఊరి బయట నీళ్ళ ట్యాంకు బండి ఆగే చోటికి అమ్మ రోజూ తెల్లవారకముందే బిందెలతో పోయేది.

చివరికి పెరట్లో బోరు వేయాలని నాయన నిశ్చయించాడు. నీటి జాడ చూసే ఆయన అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని పెరడంతా నడిచాడు. మేమంతా ఆ చేతినే చూస్తున్నాం. కొట్టం దగ్గర టెంకాయ కదల్లేదు, బండ దగ్గర కదల్లేదు. పొగడ పాదు దగ్గరకు రాగానే నిటారుగా లేచి నిలబడింది. ఇక్కడే వేయాలన్నాడాయన తమిళంలో. చెట్టు ఉంటే బండి నిలబడే చోటు లేదు, తీసేయండన్నారు బోరు వాళ్ళు.

నాయన లోపలికి పోయి గొడ్డలి తెచ్చాడు. మీసం మీద చెయ్యి వేయలేదు. నేను మానును కావలించుకున్నాను. అవ్వ బండ మీద నుంచి లేచింది.

"జామీను ఉంది గదప్పా. ఉగాది దాకా కత్తి తగలకూడదు."

"అమ్మా, అది ఆట! ఈడ తాగేదానికి నీళ్ళు లేవు."

"బిడ్డ దగ్గర మాట తీసుకొన్న పొద్దు ఆట గాదు, ఈ పొద్దు ఆట అయిందా?"

నాయన అమ్మ వైపు తిరిగాడు. అప్పుడే వచ్చిన అమ్మ నడుము మీద బిందె ఇంకా దించలేదు. నీళ్ళు మోసేది ఆమె. మాట కూడా ఆమెదే కావాలి. అమ్మ నన్ను చూసింది, చెట్టును చూసింది.

"ఇంకో తావున వేయమను," అని బిందెతో లోపలికి వెళ్ళిపోయింది.

కొట్టం మూల బోరు వేశారు. భూమి కడుపులోంచి పిండిలాంటి రాతిదుమ్ము లేచి ఇంటి పెంకుల మీద, ఆవు వీపు మీద, పొగడ ఆకుల మీద తెల్లగా పరుచుకుంది. చాలా లోతుకు పోయారు. నీళ్ళు పడలేదు. బండి వెళ్ళిపోయాక నేను తడిగుడ్డతో అందిన ఆకునల్లా తుడిచాను. పొగడ కింద వేసి ఉంటే పడేవన్న మాట ఊళ్ళో అందరూ అన్నారు. మా ఇంట్లో ఎవరూ అనలేదు. అమ్మ ఆ నెలలన్నీ బిందెలు మోస్తూనే ఉంది. గిన్నెలు కడిగిన నీళ్ళు పారబోయకుండా నా కుండ పక్కన పెడుతూనే ఉంది.

మళ్ళీ ఉగాది వచ్చింది. ఒకే కాగు నీళ్ళతో ఇంటిల్లిపాది తలలు తడిపాం. పొద్దున లేచి ప్రతి రెమ్మా వంచి చూశాను. ఆకు మొదట్లో ఎక్కడా మొగ్గ లేదు. నాయన గొడ్డలితో వచ్చి, "పూసింది లేదు, కాసింది లేదు," అన్నాడు. ఆ తరువాత మాట నాది. నోరు తెరిచాను. ఈ చెట్టు కోసం అమ్మ నడుము మీద పడిన కాయలు నాకు తెలుసు. ఏ ముఖంతో ఇంకొక ఏడు అడగను? అవ్వ తల వంచుకుని కూర్చుంది.

నాయన గొడ్డలి గోడకు ఆనించాడు. చెట్టు చుట్టూ నడిచి వచ్చి నా పక్కన, చెట్టు వెనక నిలబడి, తను ఇంతకుముందు నిలబడిన ఖాళీ చోటుతో నా గొంతులాగా సన్నగా అన్నాడు. "వద్దప్పా. చిన్నది గదా. ఇంకొక ఏడు చూద్దాము. నేను జామీను."

మళ్ళీ అవతలికి పోయి, గొడ్డలి అందుకుని, తన గొంతుతో అన్నాడు. "సరి. పో."

"చూసినావా వదినా," అని గోడ మీద నుంచి చెల్లమ్మత్త అరిచింది, "నీ కొడుకు రెండు పక్కలా ప్లీడరే!"

అమ్మ చేతికి పిండి ఉండగానే నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ కరువులో అమ్మ నవ్వడం అదే మొదలు.

చెట్టు ఆ ఏడూ పూయలేదు, ఆ మరుసటి ఏడూ పూయలేదు. నేను సేలంలో హాస్టల్లో ఉండగా, అవ్వ పోయిన తరువాత, ఒక రోజు అమ్మ ఫోను చేసి, "పాపా, పెరడంతా చుక్కలు రాలినట్టు ఉందే," అంది. సెలవులకు వెళ్ళి ఆ పూలను అరటినారకు గుచ్చి అవ్వ పటానికి వేశాను. నాయన కూడా పోయాక అన్న పాత ఇల్లు పడగొట్టి మేడ కట్టాడు. యంత్రం వచ్చి మధ్యాహ్నం లోపే చెట్టును వేళ్ళతో సహా తీసేసింది. దానికి ఎదురు నిలబడినవాళ్ళు లేరు, తరఫున మాట్లాడినవాళ్ళూ లేరు. ఇప్పుడక్కడ బైకు నిలిపే సిమెంటు నేల ఉంది. ఉగాదికి ఒబ్బట్లు ధర్మపురి బజారు నుంచి డబ్బాలో వస్తాయి.

మొన్నటి పండుగకు అందరూ కూడినప్పుడు మా వారి మేనత్త పాప గడ్డం పట్టుకుని, "ఇంకా నోరు తెరవలేదా? ఊరికే గారాబం చేస్తే ఎట్లా, ఒకసారి గట్టిగా బెదిరించి చూడు," అంది. అందరూ నా వైపు చూశారు. పాప నా చీర చాటుకు జరిగింది. నేను దాని వెనక్కి వెళ్ళి, రెండు భుజాల మీదా చేతులు వేసి నిలబడ్డాను.

"వస్తాయత్తా మాటలు. నేను జామీను."

ఆమెకు అర్థం కాలేదు. ఎప్పటికి, అని మాత్రం అడిగింది. గడువు నేను చెప్పలేదు.