ఒక చుక్క మందం అంచు

జర్మనీలోని కార్ల్స్‌రూహె ఊళ్లో హెన్నింగ్ క్రోల్‌ది ఒకటే గర్వం. కంప్యూటర్ తెర మీద విండోలను అమర్చే ప్రోగ్రాం ఒకటి సొంతంగా రాసి, ఉచితంగా జనం మీదికి వదిలాడు. అందులో విండో అంచు సరిగ్గా ఒక చుక్క మందం. చూడ్డానికి అందంగా ఉంటుందట. విండోను పెద్దది చేయాలంటే మౌస్ బాణాన్ని ఆ చుక్క మీదే నిలపాలి. దానికంటే సూదిలో దారం ఎక్కించడం నయం. ఆ బాధ హెన్నింగ్‌కి ఏం తెలుస్తుంది? ఆయన మౌస్ ముట్టడు. రెండు చేతులూ కీబోర్డు మీదే. మౌస్ పట్టుకునేవాళ్లంతా ఆయన లెక్కలో చేతకానివాళ్లు.

సాయానికి వచ్చినవాళ్లు ఆయన నోటి దురుసు భరించలేక ఒక్కొక్కరే జారుకున్నారు. గెజీనె ఒక్కతే మిగిలింది. పగలు కట్టుడు పళ్లు చేసే ల్యాబ్‌లో ఉద్యోగం, సాయంత్రం ఈ ప్రోగ్రాంలో తప్పులు దిద్దడం. ఆమె కూడా పోతే ఆ ప్రోగ్రాంకి దిక్కు లేదు. ఆ సంగతి తెలియనిది హెన్నింగ్‌కే.

ఊళ్లో ఇలా ఉచిత ప్రోగ్రాంలు రాసేవాళ్లంతా నెలకోసారి బీరు హాల్లో కలుస్తారు. అక్కడ గెజీనె తన మార్పు చూపించింది.

"ఆల్ట్ కీ నొక్కి పట్టుకుని, విండోలో ఎక్కడైనా మౌస్ కుడి బటన్‌తో లాగితే చాలు. దగ్గర్లో ఉన్న మూల కదులుతుంది. అంచు కోసం వెతుక్కోనక్కర్లేదు."

"అంచు కనపడనివాళ్లు కళ్లద్దాలు కొనుక్కోవాలి" అన్నాడు హెన్నింగ్, ప్రెట్జెల్ రొట్టె విరుస్తూ.

"నీ అంచుకి కళ్లద్దాలు చాలవు, భూతద్దం కావాలి."

వీళ్లలో ప్రోగ్రాం ఎవరు మొదలుపెడితే వాళ్లు ఒప్పుకుంటేనే మార్పు లోపలికి వెళ్తుంది. హెన్నింగ్ ఆ పెత్తనం తనివితీరా చలాయించాడు. ఆల్ట్ వద్దు, వేరే కీ పెట్టమన్నాడు. పెట్టింది. సెట్టింగు పేరు బాగోలేదన్నాడు. మార్చింది. చివరికి కోడ్‌లో ఖాళీలు ఎక్కువయ్యాయట. తగ్గించింది. వంకలు అయిపోయాక, "ఏమో, ఇంకా మనసుకి పట్టలేదు" అన్నాడు మహానుభావుడు.

"పట్టక్కర్లేదులే. కోడ్ కాపీ తీసుకున్నా. వేరే పేరుతో నడుపుకుంటా" అంది గెజీనె.

అది తప్పేం కాదు. కోడ్ అందరిదీ. వీళ్లలో వేరుకాపురం పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

"నడుపు, చూస్తా. నెల తిరక్కుండా నువ్వే వస్తావు" అన్నాడు హెన్నింగ్.

ఆమె రాలేదు. వాడేవాళ్లంతా ఆమె వెంట పోయారు. హెన్నింగ్ ప్రోగ్రాంకి తప్పులు ఎత్తిచూపేవాళ్లు కూడా కరువయ్యారు. దోషాలన్నీ తీరిపోయాయని ఆయన మురిసిపోయాడు.

ఒకరోజు వానలో ట్రాం పట్టాల మధ్య సైకిల్ చక్రం ఇరుక్కుని పడి, హెన్నింగ్ ఎడమ మణికట్టు విరిగింది. కట్టు వేశారు. ఇక చచ్చినట్టు మౌస్ పట్టుకోవాలి. అంచు పట్టుకోబోతే బాణం పక్కకి జారి, వెనకాల విండో ముందుకొచ్చి అంతా కప్పేసేది. ఇంట్లో ఎవరూ లేకపోయినా సిగ్గేసింది. తన అంచు అందం మీద తనకే అసహ్యం పుట్టింది. గుట్టుగా గెజీనె ప్రోగ్రాం వేసుకున్నాడు. దానికీ ఎడమచేత్తో కీ నొక్కాలి. గతిలేక ఆమెకు ఫిర్యాదు పెట్టాడు, ఒంటిచేత్తో కుదరడం లేదని.

గెజీనె వంకలు పెట్టలేదు. ఏ మౌస్ వాడుతున్నావని అడిగి, సాయంత్రానికల్లా ఆ పనంతా మౌస్ పక్కనుండే బొటనవేలి బటన్‌కి మార్చి పంపింది.

కరిగిపోయిందనుకున్నాడు వెర్రివాడు. ఆ నెల బీరు హాలుకి కట్టుతోనే వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు.

"గెజీనె, రెండూ కలిపేద్దాం. ఏది ఉండాలో, ఏది వద్దో ఎప్పట్లా నేను చూసుకుంటా. నువ్వు లేకపోతే నాది ఆగిపోతుంది" అన్నాడు. చివరి మాట మాత్రం నిజంగానే మనసులోంచి వచ్చింది.

గెజీనె జవాబు చెప్పేలోపు, కొత్తగా చేరిన వోల్కర్ అనే లైబ్రరీ ఉద్యోగి బల్లకి అటువైపు నుంచి అడిగాడు: "ఈయనెవరు?"

"హెన్నింగ్. మన ప్రోగ్రాం వాడతాడు. బొటనవేలి బటన్ ఈయన అడిగిందే" అంది గెజీనె మామూలుగా.

"ఓ, థాంక్సండీ. నాకూ బాగా పనికొచ్చింది" అన్నాడు వోల్కర్. హెన్నింగ్ నోరు తెరిచేలోపే ఆమె వైపు తిరిగి, ప్రోగ్రాంలో తాను చేయదగ్గ పని ఏమైనా ఉందా అని అడిగాడు.