అప్పలరాజు ఆపిన చోట

మా చిన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నం కునుకు తీయాలనుకున్న పోర్టు క్వార్టర్ల వాళ్లంతా మా ఇంటిని తిట్టుకునేవారు... మా వసారాలో రాక్ బ్యాండు ఉండేది మరి.

నవ్వకండి. విశాఖపట్నంలో అప్పటికి ఆ మాటకి అర్థం తెలిసినవాళ్లు తక్కువ. తెలియకుండానే వాయించేవాళ్లు నలుగురు... ఆ నలుగురూ మా వసారాలోనే ఉండేవారు. మా పెద్దన్నయ్య సూర్యం పాడేవాడు. గిటారు ఏదో పరాయి దేశపు ఓడ దిగి వచ్చింది. బ్యాండుకి 'లంగరు' అని పేరు పెట్టుకున్నారు. పేరు చూసుకుని ఒక్కడైనా నిలకడగా ఉన్నాడా అంటే, లేదు.

డ్రమ్ములు అప్పలరాజువి. జాలారిపేట మనిషి. ఇంటిల్లిపాదీ చేపల వేటకి వెళితే, తను మాత్రం ఓడల మీద వించి నడిపేవాడు... అంటే బరువులెత్తి ఓడ కడుపులోకి దించే యంత్రం. మొదట్లో డ్రమ్ములెక్కడివి? మా అమ్మ ఇత్తడి గుండిగ బోర్లించి అట్లకాడతో వాయించేవాడు.

"ఒరే అప్పలరాజూ, సొట్ట పడిందంటే నీ పెళ్లికి ఇందులోనే వండిస్తాను, ఏటనుకున్నావో!" అనేది అమ్మ.

"వండించమ్మా. సొట్టుంటే కూర తక్కువ పడతాది, నీకే కలిసొత్తాది" అనేవాడు.

తొలి కచేరీ క్వార్టర్ల వినాయక చవితి పందిట్లో. పాపం, వినాయకుడు ఎటూ కదలలేడు కాబట్టి చివరిదాకా విన్నాడు. రెండో పాట మధ్యలో మా అన్నయ్య, ఏ పత్రికలో బొమ్మ చూశాడో, కుడిచెయ్యి ఆకాశానికి ఎత్తాడు. అంతే... డ్రమ్ము టక్కున ఆగిపోయింది. బిత్తరపోయి మిగతావాళ్లూ ఆపేశారు. పందిరంతా నిశ్శబ్దం. ఏం చెయ్యాలో తోచక అన్నయ్య చెయ్యి అలాగే పైన ఉంచేశాడు. దించగానే డ్రమ్ము మళ్లీ అందుకుంది. జనం ఈలలే ఈలలు!

దిగాక పెద్ద పంచాయితీ.

"ఏటిరా, పాట నడిమిట్లో ఆపీసినావు?"

"నువ్వు సెయ్యెత్తినావు గదా బావా!"

"అది స్టయిల్రా!"

"స్టయిలేటి... సెయ్యి లేసినాక ఆపాల. కింద మనుసులుంటారు."

ఓడ మీద పద్ధతి అది. పైన నిలబడి చూసే మనిషి చెయ్యెత్తితే, వించి ఉన్నపళంగా ఆగాలి. దిగువన బరువు కింద కూలీలుంటారు. అప్పలరాజు చేతులకి ఓడ వేరు, పాట వేరు అని తెలియలేదు.

మర్నాటి నుంచి జనం "ఆ ఆగే పాట" కావాలన్నారు. ఇక ఆ విరామం పాటలో భాగమైపోయింది.

తరవాత బ్యాండు మారని ఏడాది లేదు. ఒకడు బదిలీ మీద పోయాడు. ఒకడు పెళ్లయి మానేశాడు. ఇంకొకడు పెళ్లి తప్పించుకోవడానికి చేరాడు. ఉక్కు కర్మాగారం వచ్చాక ఇద్దరు ఉక్కునగరం క్వార్టర్లకి తరలిపోయారు. పిల్లలు పుట్టాక అప్పలరాజు కూడా అదనపు డ్యూటీలకి మొగ్గి మానుకున్నాడు. పోయేవాడు వచ్చేవాడికి నేర్పేవాడు... "ఇదిగో, ఇక్కడ ఆగాలి." ఎందుకని ఎవరూ అడగలేదు. మన పూజల్లో సగం అలాంటివే కదా.

అప్పలరాజు పోయి చాలా ఏళ్లయింది. అతను వాయించిన పాట ఒక్కటీ రికార్డు కాలేదు. బ్యాండు ఫొటో తీసిన రోజున కూడా డ్యూటీలోనే ఉన్నాడు, మహానుభావుడు.

మొన్న అన్నయ్య వీడ్కోలు ఆల్బమ్ చేశాడు. ఎనభై దాటాయి, గొంతు ఇక చాలంటోంది. మొదటి నలుగురిలో మిగిలింది తనొక్కడే. పులిహోర డబ్బాతో నేనూ స్టూడియోకి వెళ్లాను. ఆ పాట వినిపించారు. విరామం లేదు! రికార్డింగ్ ఇంజినీరు కంప్యూటర్లో కత్తిరించి అతికించేశాడట.

"ఇప్పటివాళ్లు పాట ఆగితే ఫోన్ హ్యాంగయిందనుకుంటారు మేడమ్" అన్నాడు.

"నీ ఫోనుకి జబ్బయితే మా పాటకి ఆపరేషనా నాయనా?" అన్నాను.

అన్నయ్య అలసిపోయి ఉన్నాడు. "పోనీలేవే, వదిలెయ్" అన్నాడు. ఈ ఆల్బమ్‌లో అప్పలరాజుదంటూ ఉన్నది ఆ కాస్త నిశ్శబ్దమే. అదీ పోతే, అతను లేనట్టే.

ఇప్పటి డ్రమ్మరు ఉక్కు కర్మాగారంలో క్రేను నడుపుతాడు. అప్పలరాజుని చూసి కూడా ఎరగడు. "నాకు నేర్పినాయన ఇక్కడ ఆగమన్నాడు, ఆగతన్నాను. ఎందుకో తెలీదు మేడమ్" అన్నాడు. పందిరి సంగతంతా చెప్పాను. అతను నవ్వలేదు.

"మా దగ్గరా అంతే. సెయ్యి లేసిందంటే ఆగాల్సిందే" అని కర్రలు తీసుకుని లేచాడు. "సూర్యంగారూ, మళ్లీ వాయిద్దాం. ఆగకుండా అయితే నాను వాయించను."

మళ్లీ వాయించారు. అన్నయ్య గొంతు ఈసారి ఇంకాస్త జీరపోయింది. అయినా అదే ఉంచారు. ఇంజినీరు కత్తెర జోలికి పోలేదు.

అప్పలరాజు భార్య నూకాలక్క గోపాలపట్నంలో కూతురింట్లో ఉంటోంది. నిన్న వెళ్లి వినిపించాను. ముందుగా ఏమీ చెప్పలేదు. విరామం దగ్గర దీపానికి ఒత్తి చేస్తున్న ఆవిడ వేళ్లు ఆగాయి. పాట మళ్లీ అందుకునేదాకా ఊపిరి కూడా తీసుకోలేదు.

"సూసినావా సెల్లీ..." అంది మెల్లగా. "ఇంకా ఆపతానే ఉన్నాడు."

మా వసారాకి అలాంటి మనుషులు వచ్చి పోయినందుకు దణ్ణం పెట్టుకున్నాను.

ఈ కాలం పాటల్లో తప్పులుండవు, యంత్రం దిద్దేస్తుంది. అందుకే కాబోలు, ఎవరు వాయించారో కూడా తెలియదు... మీ ఇళ్లలోనూ ఎవరిదో ఒక పొరపాటు ఆనవాయితీగా మిగిలే ఉంటుంది. వంటలోనో, పాటలోనో, పండగలోనో. అది ఎవరిదో ఇక్కడ రాయండి... దాన్ని మాత్రం దిద్దకండి.