గాజుపొడి ముగ్గు

తార్నాకలో బిక్షపతి ఇల్లెక్కడని అడిగితే, సందు మొదట్లో కిరాణా దుకాణంవాళ్లు ముందు ఒళ్లు గోక్కుని, తర్వాత దారి చూపిస్తారు. ఆయన పేరు వింటేనే దురద. యూనివర్సిటీ క్యాంపస్‌లో ప్లాస్టిక్ పరిశోధనశాల అటెండరాయన. ఫైబర్‌గ్లాస్ ఫ్యాక్టరీలో తెగిపోయి, చిక్కులుపడి, పనికిరాకుండా పోయిన గాజుపీచు అక్కడికి బస్తాల్లో వస్తుంది. దాన్ని మిల్లులో వేసి మెత్తటి పొడి చేస్తే, ప్లాస్టిక్‌లో కలిపి రేకులు పోయొచ్చట. చెత్త పనికొస్తుంది, దేశం బాగుపడుతుంది, అంతా బాగానే ఉంది. మధ్యలో బిక్షపతి ఒళ్లేం పాపం చేసిందో ఎవరూ చెప్పరు.

మూతికి మాస్కు, చేతులకు గ్లౌజులు పెట్టుకున్నా ఆ పీచు ఎలాగో బనియన్‌లోకి దూరుతుంది. భార్య సమ్మక్క ఆయన బట్టలు విడిగా ఉతికేది, పక్క మిద్దె మీద వేసేది. అదంతా ఆయన పట్టించుకోలేదు. కూతురు శిరీష పురిటికొచ్చి ఆడపిల్లను కన్నాకే అసలు కష్టం మొదలైంది. ఆశకొద్దీ ఒకసారి ఎత్తుకుంటే పసిదాని మెడంతా దద్దుర్లు. ఆ తర్వాత తాతను దగ్గరికి రానివ్వలేదు.

"లైబ్రరీకి బదిలీ చేయించుకో. గప్పుడు పిల్లను ఒళ్లో పెడ్త" అని తేల్చేసింది సమ్మక్క.

బదిలీ కాగితం మీద సంతకం పెట్టాల్సింది ప్రొఫెసర్ అచ్యుతరామయ్య. గోదావరి జిల్లా మనిషి. నిష్ఠాపరుడు, కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. "పీచు గుచ్చుకుంటుంది గానీ పొడి గుచ్చుకోదయ్యా. నీ దురద మనసులో ఉంది" అనేవాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా? ఆయనెప్పుడైనా మిల్లు గదిలో గడియసేపు నిలబడితే కదా!

దసరా సెలవులకు ముందురోజే ల్యాబులో ఆయుధపూజ పెట్టుకున్నారు. మిల్లుకు పసుపు రాసి బంతిపూల దండ వేశారు. అక్కడ రీసెర్చ్ చేస్తున్న మనీషా ముగ్గుపిండి కొనుక్కొస్తానని లేచింది.

"మన పొడి ఉండగా బయట పిండి దేనికమ్మా?" అన్నాడు ప్రొఫెసర్.

బిక్షపతి అడ్డుపడ్డాడు. "వద్దు సార్, గుచ్చుకుంటది."

"మళ్లీ అదే పాట."

మనీషా గ్లౌజులు తొడుక్కుని మిల్లు ముందు పెద్ద పద్మం వేసింది. ప్రొఫెసర్ పట్టుపంచె కట్టి, చొక్కా విప్పేసి, ఆ పద్మం మధ్యలో సాష్టాంగపడ్డాడు. నిలబడి దండం పెడితే ఏం పోయింది? తగుదునమ్మా అని బోర్లా పడుకుని మరీ శ్లోకాలన్నీ చదివాడు.

హారతి వేళకు ఆయన భుజం కదిలింది. కొబ్బరికాయ కొట్టేసరికి రెండు చేతులూ చాలడం లేదు. పొట్టను బీరువా అంచుకేసి రుద్దుకుంటూ, "బిక్షపతీ, నువ్వన్నది నిజమేనయ్యా" అన్నాడు.

బిక్షపతికి సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నాళ్లకు నమ్మాడు మహానుభావుడు. జేబులోంచి బదిలీ కాగితం తీసి, పెన్నుతో సహా అందించాడు.

ప్రొఫెసర్ ఆ కాగితాన్ని మడిచి దాంతోనే మెడ గోక్కున్నాడు. "ఇప్పుడు నిన్నెలా వదులుతానయ్యా? పొడిలో ఇంకా పీచు మిగిలిందని మన మిషన్లకు తెలీలేదు, నీ ఒంటికి తెలిసింది. నీకు దురద పోయిన రోజే మన పొడి తయారైనట్టు. అందాకా మా పరికరం నువ్వే."

పరికరమన్నాక పూజ తప్పదుగా. బిక్షపతి నుదుటికి పసుపు రాసి బొట్టు పెట్టారు. మెడలో బంతిపూల దండ వేశారు. చుట్టూ గుమ్మడికాయ తిప్పి గుమ్మం ముందు పగలగొట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు, గోక్కుంటూనే.

కాదనడం చేతగాని మనిషి, ఆ దండతోనే ఇంటికి నడిచాడు. సమ్మక్క గుమ్మంలోంచే చూసింది. బదిలీ అయినవాళ్లకు దండ వేసి సాగనంపడం ఏ ఆఫీసులోనైనా ఉన్నదే. "శిరీషా, మీ నాయనకు బదిలీ అయిందే" అంటూ లోపలికి ఉరికి పిల్లను ఎత్తుకొచ్చింది. "ఇగ పట్టుకోవయ్యా నీ మనవరాలిని" అని, గడపెక్కిన ఆయనకు అందించబోయింది.

పసిది బంతిపూల కోసం చెయ్యి చాచింది. బిక్షపతి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, గడప దిగాడు.