వరమ్మ చెప్పిన సినిమా

సినిమా చూడటం వేరు, వరమ్మ చెప్పగా వినడం వేరు. ఖమీస్ ముషైత్‌లోని ఆ ఆసుపత్రి లేడీస్ హాస్టల్లో ఆంధ్రా నర్సులెవరిని అడిగినా ఇదే మాట చెప్పేవారు. రాజోలు దగ్గరి పల్లెలో పుట్టి, పద్దెనిమిదేళ్లుగా సౌదీలో సెలైన్లు ఎక్కిస్తున్న వరమ్మకు ఇలాంటి విద్య ఒకటుందని పాపం ఆసుపత్రివాళ్లకు తెలియదు.

ఆసుపత్రి ఉన్న ఊళ్లో సినిమా హాలు లేదు. ఆ మాటకొస్తే అప్పటికింకా దేశంలోనే లేదు. బయటికెళ్లాలంటే వారానికోసారి ఆసుపత్రి బస్సు. ఇక మిగిలిందల్లా వరమ్మ గదిలో ఉండే నైజీరియా నర్సు ఎన్గోజీ, ఆమె లాప్‌టాప్, అందులో ఆమె దేశపు సినిమాలు. శుక్రవారం మధ్యాహ్నం అన్నాలు తిని అందరూ ఆ రెండు మంచాల మీదా ఇరుక్కుని కూర్చునేవారు. ఎన్గోజీ తన భాషలోంచి ఇంగ్లీషులోకి రెండు ముక్కలు చెప్పేది. వరమ్మ వాటిని పట్టుకుని గోదావరి తెలుగులో ఇరవై ముక్కలు చేసేది. కోడల్ని రాచిరంపాన పెట్టే అత్తలు, కొడుకు పుట్టలేదని రెండో పెళ్లికి తయారయ్యే మొగుళ్లు, చెట్టు కింద కూర్చుని ఆడదాని బతుకు తేల్చేసే పెద్దమనుషులు. "ఈవిడ తలకి గుడ్డ చుట్టింది గానీ అచ్చం మా మేనత్తేనే" అనేది వరమ్మ. అందరూ పడీపడీ నవ్వేవారు.

నవ్వనిది జాయ్సీ ఒక్కతే. ముప్ఫై దాటిందో లేదో. మొగుడు కొర్నేలు కామెర్లతో పోయి రెండేళ్లయింది. ఆరేళ్ల పాప ఊళ్లో అత్త దగ్గర, జాయ్సీ జీతంతో కట్టిన ఇంట్లోనే పెరుగుతోంది. ఇల్లు మాత్రం కొర్నేలు పేరునే ఉంది. ఆ ఏడు అత్త కొత్త మాట ఎత్తింది. మరిది యిర్మీయాను చేసుకుంటే ఇల్లూ పాపా జాయ్సీవే, చేసుకోనంటే గడప తొక్కనక్కర్లేదు. పాస్టరుగారు కూడా అందులో తప్పేముందన్నారట.

"నేను కాపరానికొచ్చినప్పుడు ఆడు ఆరో తరగతి అక్కా. నిక్కరు గుండీలూడితే నేనే కుట్టేదాన్ని. ఆడితో ఎలాగక్కా?" అని జాయ్సీ వరమ్మ దగ్గర కళ్లు తుడుచుకునేది.

తాను సౌదీలో ఉన్నంతకాలం ఆ మాట ఫోన్లోనే నానుతుందిలే అనుకుంది జాయ్సీ. ఇంతలో ఉద్యోగాలు ముందు సౌదీలకేననే నితాఖత్ చట్టం మెడ మీదికొచ్చింది. పనిలో సౌదీలు చాలినంతమంది లేని కంపెనీలకు సర్కారు ఎరుపు రంగు వేసి వీసాలు ఆపేసేది. జాయ్సీని తెచ్చిన కాంట్రాక్టు కంపెనీ ఆ ఎరుపులో పడింది. దానికి తోడు మనిషికింత అని లెవీ. అక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డులు రెన్యువల్ కాలేదు. నలభైమందికి ఒక్క రోజునే ఫైనల్ ఎగ్జిట్ అన్నారు, దేశం వదిలి వెళ్లిపొమ్మని. వరమ్మది ఆసుపత్రి సొంత వీసా గనక గట్టెక్కింది. జాయ్సీకి పది రోజులు గడువిచ్చారు.

ఆ వారం ఎన్గోజీ పెట్టింది ఒక విధవరాలి సినిమా. కావాలని పెట్టలేదు, ఆమెకేం తెలుసు. అందులో మొగుడు పోయినామెను ఏలుకుంటానని బావగారు ఆచారం ప్రకారం గిన్నెలో కల్లు పట్టుకొస్తాడు. తాగితే ఒప్పుకున్నట్టు. ఆమె తాగదు. ఇంటికి గడియ పెట్టేస్తారు. బిడ్డ లోపల, తల్లి బయట వానలో. అత్త కిటికీ తీసి చూస్తుంది, చూసి మూసేస్తుంది. చివరికి ఆ తల్లి మోకాళ్ల మీద కూర్చుని గిన్నె అందుకుని తాగుతుంది. అంతే సినిమా. అందరూ ముక్కులు చీదుకుంటూ లేచారు.

జాయ్సీ ఆ పూట డ్యూటీలో ఉంది. సాయంత్రం వచ్చి, వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతూ, కథ చెప్పమంది. వరమ్మ మొదలుపెట్టింది. కథ అత్త కిటికీ తీసే చోటికొచ్చేసరికి జాయ్సీ చేతిలో చాకు ఆగిపోయింది.

"అప్పుడు అత్తేం చేసిందక్కా?"

ఉన్నదున్నట్టు చెప్పి ఈ పిల్లను విమానం ఎక్కించడానికి వరమ్మకు మనసొప్పలేదు.

"ఏం చేత్తది? అదీ ఆడదే కదే. తలుపు తీసింది. ఆ గిన్నె కాలితో ఒక్క తన్ను తన్ని, కోడల్ని చెయ్యట్టుకుని లోపలికి తీసుకెళ్లింది."

పొయ్యి దగ్గరున్న ఇంకో నర్సు స్వర్ణ, మధ్యాహ్నం ఆ సినిమా చూసిందే, గుడ్లప్పగించి చూసింది. వరమ్మ కళ్లతోనే ఆమె నోరు మూయించింది.

ఆ రోజు నుంచి జాయ్సీ మొహం తేటపడింది. "నేనొప్పుకోనక్కా. బయట నిలబెడితే నిలబడతాను. మా అత్త మట్టుకు రాయా ఏంటి?" అంటూ పెట్టె సర్దుకుంది. పాపకని కొన్న గౌను నాలుగుసార్లు మడత విప్పి చూసుకుంది. ఎయిర్‌పోర్టుకు బండెక్కేదాకా వరమ్మ ఎన్నిసార్లు నోరు తెరిచిందో లెక్కలేదు. నవ్వుతున్న ఆ మొహం చూసి ప్రతిసారీ మూసుకుంది. తను మేలే చేస్తున్నానని సర్దిచెప్పుకుంది గానీ, నిజానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

రెండు వారాలు గడిచాయి. శుక్రవారం మధ్యాహ్నం అందరూ మంచాల మీద చేరాక వరమ్మ ఫోన్లో జాయ్సీ గొంతు వచ్చింది.

"వరమ్మక్కా, పొద్దున్నించీ అరుగు మీదే కూర్చున్నాను. ఒప్పుకోనన్నానని గడియేశారు. ఇందాక అత్త కిటికీ తీసి చూసిందక్కా. ఆ సినిమాలో అత్త ఎంతసేపటికి తీసింది తలుపు?"

ఆ గొంతులో ఇంకా ఆశ ఉంది. వరమ్మ లేచి వరండాలోకి వెళ్లి, గోడకు ఆనుకుని, ఫోను నోటి దగ్గర పెట్టుకుంది.

"తియ్యలేదే తల్లీ. చూసి కిటికీ కూడా మూసేసింది. ఆ తలుపు నేనే తీయించాను, నీ మొహం చూడలేక. నా నోరు పడిపోను. నువ్వక్కణ్ణించి లేచి మీ అమ్మగారింటికెళ్లిపో. పాప సంగతి తర్వాత చూద్దాం."

అటునుంచి జాయ్సీ అంది.

"ఎలా లెగనక్కా? కిటికీలో ఇప్పుడు అత్త లేదు. పాప నిలబడి నన్నే చూత్తంది."